నిగనిగలాడే గోడల మీద ఒక అభ్యంతరం

ఆత్మకూరులో గానీ ఉదయగిరిలో గానీ కొత్త ఇల్లు కడుతున్నవాళ్లని ఏం రంగు వేయిస్తున్నారని అడిగి చూడండి. పచ్చనో, గోధుమో, లేత నీలమో అని చెప్పేవాళ్లు తక్కువ. "లోపలంతా సిల్కు ఫినిషన్నా, బయట కూడా మెరిసేదే" అంటారు. ఏ రంగన్నది ఇంట్లో ఆడవాళ్లూ పిల్లలూ తేల్చుకుంటారు. ఎంత మెరవాలన్నది మాత్రం యజమాని పరువుకు సంబంధించిన విషయం. పెయింటు షాపులో ధరల పట్టిక కూడా ఆ పరువుకే వత్తాసు పలుకుతుంది. అన్నిటికంటే చవక డిస్టెంపరు, దానిపైన మామూలు ఎమల్షను, ఆపైన శాటిను, సిల్కు. ధర పెరిగేకొద్దీ గోడ నిగనిగలాడుతోంది గనుక నిగనిగే నాణ్యత అనీ, చేతిలో డబ్బుంటే శ్లాబు అడుగుతో సహా ఇల్లంతా అదే కొట్టించాలనీ జనం తీర్మానించేసుకున్నారు. మేస్త్రీ అదే అంటాడు, షాపాయన అదే అంటాడు, గృహప్రవేశానికి వచ్చిన బావమరిది గోడ మీద చెయ్యి రాసి చూసి మరీ అదే అంటాడు.

ముగ్గురిదీ పొరపాటే. మెరుపు అన్నది రంగుకున్న ఒక గుణం, మంచితనానికి కొలత కాదు. దాన్ని కొన్నిచోట్ల వాడాలి, చాలాచోట్ల వాడకూడదు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఉన్న ఎండకీ, బోరు నీళ్లకీ, ఇక్కడ జరిగే పూత పనికీ ఇల్లంతా మెరుపు అన్నది మరీ పొసగని మాట.

రంగులంటే మనకు పట్టింపు లేదని కాదు. పంచాయతీ ఆఫీసులకు ఏ రంగులు ఉండాలన్న గొడవ 2020లో హైకోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రాష్ట్రం మనది. రంగు మీద అంత స్పృహ ఉన్నవాళ్లం ఫినిషు దగ్గరికి వచ్చేసరికి ఒక్క ప్రశ్నయినా అడగం.

ముందు డబ్బా మూత తీసి చూద్దాం. అందులో ముఖ్యంగా మూడుంటాయి. రంగునిచ్చి గోడను కప్పే పొడి ఒకటి. ఆ పొడిని గోడకు పట్టి ఉంచే జిగురు ఒకటి. ఆరిపోయే నీళ్లో, టర్పెంటైనో మూడోది. జిగురు పాలు ఎక్కువైతే పొడి రేణువులు అందులో మునిగిపోయి పైన నున్నటి పొర కడుతుంది, దాని మీద పడ్డ వెలుగు ఒకే దిక్కుకు తిరిగి వస్తుంది. మెరుపంటే అంతే. పొడి పాలు పెరిగితే రేణువులు పైకి పొడుచుకుని ఉండి వెలుగును నలుదిక్కులకూ చెదరగొడతాయి, అది మ్యాట్. దీన్ని కొలిచే మీటర్లున్నాయి. యూరప్ ప్రమాణం ఈఎన్ 13300 ప్రకారం 60 డిగ్రీల కోణంలో 60 యూనిట్లు, ఆ పైన వస్తే గ్లాసీ, 85 డిగ్రీల కోణంలో 10 యూనిట్లకు లోపు వస్తే మ్యాట్. ఆ మీటరు వెలుగు ఏ దిక్కుకు పోతోందో చెబుతుంది. గోడ ఎన్నేళ్లు నిలుస్తుందో చెప్పదు.

మరి ఖరీదెందుకు ఎక్కువ? తెల్లదనాన్నిచ్చే టైటానియం డయాక్సైడును పక్కన పెడితే డబ్బాలో ఖరీదైన సరుకు జిగురే. సుద్దపొడి చవక. మెరిసే డబ్బాలో జిగురు ఎక్కువ గనుక ధర ఎక్కువ. మీరు డబ్బు కట్టేది ఆ సరుకుకు. అది మీ గోడకు తగిందా లేదా అన్నది బిల్లులో ఎక్కడా ఉండదు. మ్యాట్‌లో కూడా తక్కువ రకం ఉంది, శ్రేష్ఠమైన రకమూ ఉంది. జిగురు చాలక పొడి ఎక్కువైతే చొక్కాకు అంటుకునే డిస్టెంపరవుతుంది. మంచి జిగురు సరిపడా ఉన్న మ్యాట్ ఎమల్షనును తడిగుడ్డతో తుడిచినా చెదరదు. మన జనానికి చవక డిస్టెంపరు అనుభవం ఒక్కటే ఉంది గనుక మ్యాట్ అనగానే "అది తెల్లగా చేతికంటుద్ది" అని తీసిపారేస్తారు. తప్పు డిస్టెంపరుది, శిక్ష మ్యాట్‌కు.

మెరుపు తరఫున చెప్పే మాటల్లో బలమైనది "కడుక్కోవచ్చు" అన్నది. దీన్ని తేలిగ్గా కొట్టెయ్యలేం. కడుక్కోవచ్చు, నిజమే. కానీ ఇంట్లో మరక ఎక్కడ పడుతుంది? స్విచ్చుబోర్డు చుట్టూ, తలుపు రెక్క పక్కన, మంచానికి ఆనుకున్న గోడ మీద తలనూనె మచ్చ, పిల్లలు పెన్సిలుతో గీసే ఎత్తులో, పొయ్యి వెనక తాళింపు చిట్లే చోట. వంటిల్లు తీసేస్తే దాదాపు అన్నీ నడుమెత్తు లోపలే, లేదా చెయ్యి ఆనే చోటే. ఆపైన ఎనిమిది అడుగుల ఎత్తున గోడను కడిగినవాళ్లని ఈ రెండు ఊళ్లలో చూపించండి. అక్కడికి వెళ్లేది ఏడాదికి రెండుసార్లు బూజుకర్ర ఒక్కటే. శ్లాబు అడుగును కడిగే మనిషి ఇంకా పుట్టలేదు. కడగని చోట కడగడానికి వీలైన రంగు కొనడం పొదుపెలా అవుతుంది?

ఈ లెక్క పాతవాళ్లకు తెలుసు. పాత సర్కారు బళ్లూ, ఆస్పత్రులూ, తాలూకా కచేరీలూ గుర్తు తెచ్చుకోండి. కింద నాలుగడుగుల దాకా నూనె రంగు పట్టీ, సాధారణంగా ముదురు రంగు, పైన వెల్ల. భుజాలూ చేతులూ ఆనే చోట తుడవగలిగే పొర, ఆనని చోట సున్నం. చూడ్డానికి దర్జాగా ఉండేది కాదు, ఒప్పుకుంటాను. ఆ ఆకుపచ్చ పట్టీని చూస్తే ఇంజెక్షన్ వాసన గుర్తొచ్చేవాళ్లు నాలాగా చాలామంది ఉంటారు. కానీ ఏ ఫినిషు ఎక్కడ అన్న ప్రశ్నకు అంతకంటే సూటైన జవాబు తర్వాత వచ్చిన ఏ క్యాటలాగులోనూ లేదు. ఇళ్లలో ఆ పట్టీ అక్కర్లేదు. అదే రంగులో కింద శాటిను, పైన మ్యాట్ వేస్తే గీత కూడా పెద్దగా కనబడదు.

ఇక వెలుగు సంగతి. మన గోడల పూత చేత్తో చేసిన పని. బద్ద లాగి, రసమట్టం పెట్టి ఎంత జాగ్రత్తగా చేసినా ఎక్కడో ఒకచోట ఎత్తుపల్లాలు ఉంటాయి, వాటి మీద లప్పం రెండు కోట్లు పట్టించి ఎమరీ పేపరుతో రుద్దుతారు. మ్యాట్ గోడ ఆ ఎత్తుపల్లాలను మింగేస్తుంది. మెరిసే గోడ వాటినన్నిటినీ బయటపెడుతుంది. పైగా మన ఇళ్లలో ట్యూబులైటు ఎక్కడుంటుంది? గోడకే, శ్లాబుకు జానెడు కింద. అక్కడి నుంచి వెలుగు గోడ వెంబడి ఏటవాలుగా జారుతుంది. బద్ద ఆగిన చోటు, లప్పం కరణె గీత, వైరింగు కోసం గాడి కొట్టి పూడ్చిన దారి, అన్నీ ఆ వెలుగులో నీడలు కడతాయి. పగలంతా అద్భుతంగా ఉన్న హాలు రాత్రి లైటు వేయగానే గతుకుల రోడ్డులా కనబడుతుంది. అప్పుడు యజమాని పెయింటరును తిడతాడు, పెయింటరు మేస్త్రీని తిడతాడు. తప్పు ఇద్దరిదీ కాదు, షాపులో ఎంచుకున్న మెరుపుది. శ్లాబు అడుగు విషయంలో ఇంకో మాట అక్కర్లేదు, అక్కడ మ్యాట్ తప్ప ఏదీ వేయకూడదు.

నీళ్ల సంగతి చెప్పకుండా ఇక్కడి గోడల సంగతి చెప్పలేం. ఉదయగిరి, వరికుంటపాడు, మర్రిపాడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉందని తెలిసి తాగడానికి క్యాను నీళ్లు కొంటున్నాం. ఇల్లు మాత్రం ఆ బోరు నీళ్లతోనే కడతాం. సిమెంటు కలిపేది అవే, ఇటుక తడిపేది అవే, క్యూరింగు పట్టేది అవే. ఫ్లోరైడు గోడను ఏమీ చెయ్యదు గానీ ఆ గట్టి నీళ్లలో కరిగి ఉన్న మిగతా లవణాలు గోడలో చేరి కూర్చుంటాయి. ఇటుకలోనూ వాగు ఇసుకలోనూ ఉన్నవి వీటికి తోడు. గోడలోని తడి బయటికి ఆవిరైనప్పుడల్లా ఉప్పు మొహం దాకా వచ్చి తెల్లగా పొంగుతుంది. సున్నం గోడ మీద అయితే పైకి వచ్చి రాలుతుంది, చీపురుతో దులిపేస్తే పోయె. మ్యాట్ ఎమల్షనులో ఆవిరికి కొంత సందు ఉంటుంది. జిగురు దట్టంగా పట్టిన మెరుపు పొరకు ఆ సందు కూడా తక్కువ. నీళ్లు పొర వెనకే ఆగుతాయి, ఉప్పు అక్కడే గడ్డకడుతుంది, స్ఫటికాలు పెరిగి పొరను బయటికి తోస్తాయి. ముందు బొబ్బలు లేస్తాయి, తర్వాత లప్పంతో సహా పెచ్చులూడతాయి. అప్పుడు "కంపెనీ మాల్ బాగాలేదు" అంటారు. మాల్ బాగానే ఉంది. గోడ లోపలి నీళ్లకు దారి మూసింది మనం.

ముహూర్తాల తొందర దీనికి తోడవుతుంది. ఫాల్గుణంలోనో వైశాఖంలోనో మంచిరోజు ఖాయమై ఉంటుంది, పూత పని అయ్యేసరికి గడువు పదిహేను రోజులు. కొత్త సిమెంటు పూత కనీసం నెల రోజులు ఆరాలి. ఆ దశలో దాని క్షారం తీవ్రంగా, పీహెచ్ 12 దాటి ఉంటుంది. తడి ఆరని ఆ గోడ మీద నూనె ఎనామెలు వేస్తే క్షారం నూనెను సబ్బుగా మార్చేస్తుంది. ఇది అలంకారం కాదు, సబ్బు కాచేటప్పుడు జరిగే రసాయన చర్యే ఇదీను. గోడ జిగటగా అయి, మరకలు తేలి, కొన్నాళ్లకు పొర ఊడి వస్తుంది. ముహూర్తం దాటించలేనివాళ్లు ఒక పని చేయొచ్చు. ప్రైమరూ, పలచటి మ్యాట్ కోటూ వేసి పాలు పొంగించుకుని, ఆఖరి కోటు ఒక ఎండాకాలం గడిచాక వేసుకోవచ్చు. ఈ మాట ఏ పెయింటరూ చెప్పడు, ఎందుకంటే ఒకే ఇంటికి రెండుసార్లు పరంజా కట్టాలి.

సోమశిల దిగువ పెన్నా ఒడ్డు ఊళ్లలో 2021 నవంబరు వరదకు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. అలా నానిన గోడ ఆరడానికి నెలలు పడుతుంది. వరద మరకలు కనబడకూడదని వెంటనే మెరుపు రంగు కప్పెయ్యడం లోపలి తడిని లోపలే బిగించెయ్యడం. కువైటు, బెంగళూరు డబ్బుతో కట్టి తాళం వేసిన ఇళ్లదీ ఇలాంటి కథే. కిటికీలు తెరవరు, గాలి ఆడదు. ఏడాదికోసారి వచ్చి తలుపు తీసేసరికి గోడ కింది భాగం బొబ్బలెక్కి ఉంటుంది.

ఉదయగిరి కొండ కింద పాత వీధుల్లో రాయీ మట్టీ సున్నంతో కట్టిన గోడలు ఇంకా ఉన్నాయి. వాటికి పునాదిలో చెమ్మను ఆపే పొర లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడితే నేలలోని తడి గోడలోకి ఎక్కుతుంది, ఎండలకు దిగిపోతుంది. ఇలాంటి గోడకు సున్నమే సరైన మందు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది, పొరలా కప్పకుండా గోడలో కలిసిపోతుంది, తడిని రానూ ఇస్తుంది, పోనూ ఇస్తుంది. కృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న ఆ కొండ మీది కోట శిథిలాల్లో సున్నపు గచ్చు అక్కడక్కడ ఇంకా గోడను పట్టుకునే ఉంది. కోట నిలిచింది సున్నం వల్లేనని అనను, అలా అనేవాళ్లు భక్తులు. కానీ అన్ని వానలకూ ఎండలకూ ఆ పూత ఊడకపోవడానికి నీళ్లను ఆపకుండా పోనివ్వడం ఒక కారణం. అలాంటి గోడ మీద ఈనాటి మనవడు సిమెంటు లప్పం పట్టించి సిల్కు రంగు కొట్టిస్తాడు. రెండు వానాకాలాలు గడిచేసరికి తాత కట్టించిన గోడే చెడ్డదని తేల్చేస్తాడు.

"మెరిసే రంగయితే ఎండను తోసేస్తుంది, ఇల్లు చల్లగా ఉంటుంది" అన్నది ఇంకో నమ్మకం. వేసవిలో 40 డిగ్రీలు దాటే చోట ఈ మాటకు గిరాకీ ఉండడం సహజం. కానీ ఎండను తిప్పికొట్టేది ముఖ్యంగా తెలుపు. తెల్లటి మ్యాట్ కూడా ఎండను తిప్పికొడుతుంది, కాకపోతే ఒకే దిక్కుకు కాకుండా చెదరగొడుతుంది. మెరిసే ముదురు మెరూను గోడ కాలుతుంది, మెరవని సున్నపు గోడ కాలదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం కూడా కప్పు వేడిని వెనక్కి పంపాలంటుంది, కప్పు తళతళలాడాలని ఎక్కడా అడగదు. మిద్దె మీద సున్నం కొట్టే మన పాత అలవాటు చేసేదీ అదే. పైగా పడమటి గోడకు మెరుపు వేస్తే సాయంత్రం ఎండ ఎదురింటివాళ్ల కళ్లల్లోకి పోతుంది. చెడేది వాళ్ల చూపు, పోయేది మన పొత్తు.

బయటి గోడ మీద మెరుపుకు ఒక లాభం ఉన్నమాట కాదనను. నున్నటి పొర మీద వాన నీళ్లు జారిపోతాయి, ఎర్రదుమ్ము కొంత కొట్టుకుపోతుంది. కానీ చవక రకాల్లో జిగురు మెత్తనిదైతే మండే ఎండకు ఇంకా మెత్తబడి అదే దుమ్మును పట్టేసుకుంటుంది. ఇక నూనె ఎనామెలును బయటి సిమెంటు గోడకు వేయడమంటే ఎండకు బలివ్వడమే. కొన్నేళ్లకు మెరుపు పోతుంది, పొర పెళుసెక్కి పగుళ్లిస్తుంది, చేత్తో రాస్తే పొడి రాలుతుంది. బయటికి కావలసింది ఎండకూ నాచుకూ తట్టుకునే బయటి ఎమల్షను. దానికి కొద్దిపాటి మెరుపు ఉంటే ఉండనీ, లేకపోతే లోటేమీ లేదు.

ఇంతా చెప్పాక మెరుపు ఎక్కడ కావాలో కూడా చెప్పాలి, లేకపోతే ఇది ఉత్త దెబ్బలాట అవుతుంది. కొయ్యకూ ఇనుముకూ మెరుపు కావాలి. తలుపులు, కిటికీ ఊచలు, గేటు, మెట్ల పక్క రెయిలింగు. వీటికి నీళ్లు లోపలికి దిగకూడదు, చేతులు రోజూ పడతాయి, ఎనామెలు అక్కడ రాజు. పసుపుకు బదులు పచ్చటి ఎనామెలు పూసిన గడప కొందరు పెద్దవాళ్లకు నచ్చదు గానీ ఫినిషు లెక్కన అది సరైన ఎంపికే. ఎనామెలు కొనేటప్పుడు ఒక్కటి చూడండి. 2016లో వచ్చిన నియమాల ప్రకారం 2017 నవంబరు 1 నుంచి ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదు, ఆ సంగతి డబ్బా మీద ఉండాలి. సామాన్ల గదిలో మిగిలిపోయిన పాత డబ్బా ఎవరో ఇస్తే పిల్లలు నోరు పెట్టే కిటికీ ఊచకు పూయకండి. వంటింట్లో టైల్సు పైన, దేవుడి గదిలో దీపం వెనక గోడకు, కాగు ఆవిరి కొట్టే స్నానాల గదికి శాటినో, సగం మెరుపో ఉండాలి, అక్కడ మ్యాట్ మసినీ జిడ్డునీ తాగేస్తుంది. ఉదయగిరి కొయ్య చెంచాలు చేసేవాళ్లకు ఈ తెలివి ఎవరూ నేర్పక్కర్లేదు. నోట్లో పెట్టుకునే చెంచాకు చెక్కను రుద్ది తెచ్చిన నునుపే చాలు. అదే చెక్కతో చేసిన వీధి తలుపుకు వార్నిష్ కావాలి.

మిగిలింది హాలూ పడక గదులూ, అంటే ఇంట్లో ఎక్కువ గోడలు. ఇక్కడ మెరుపు వాదులు చివరికి "చాలా కాలం కొత్తగా ఉంటుంది" అన్న మాట మీద నిలబడతారు. మన ఇళ్లలో గోడ ఎన్నాళ్లు ముట్టుకోకుండా ఉంటుంది? ఇన్వర్టరు వైరు లాగడానికి, ఏసీ గొట్టానికి, క్యాలెండరు మేకు మార్చడానికి ఏటా ఎక్కడో ఒకచోట గోడ పగులుతూనే ఉంటుంది. మ్యాట్ గోడ మీద ఆ చోట మాత్రం మిగిలిన రంగు రాస్తే కలిసిపోతుంది. మెరిసే గోడ మీద ఎంత జాగ్రత్తగా రాసినా అతుకు పక్కనుంచి చూస్తే కనబడుతుంది, గోడ ఈ మూల నుంచి ఆ మూల దాకా మళ్లీ వేయాల్సిందే. ఎక్కువ కాలం నిలుస్తుందని కొన్న రంగే ఒక మేకు దెబ్బకు రోజు కూలీ అడుగుతుంది.

అసలు ఇల్లంతా ఒకటే ఫినిషు అన్న పద్ధతి ఎవరికి లాభం? చదరపు అడుగు లెక్కన కాంట్రాక్టు తీసుకునేవాడికి. ఒకే డబ్బా, ఒకే రోలరు, ఒకే రేటు, గది గదికీ మార్చుకోనక్కర్లేదు. దాన్ని కాంట్రాక్టరు సౌకర్యమని చెప్పకుండా ఇంటివాళ్ల దర్జా అని చెప్పడంలోనే ఉంది చాకచక్యం. షాపులో రంగు కలిపే మిషనుకు ఈ ఇబ్బంది లేదు. ఒక షేడు నంబరు చెబితే సాధారణంగా దాన్ని మ్యాట్‌లోనూ శాటిన్‌లోనూ కలిపి ఇస్తుంది. శాటిన్‌లో అదే రంగు కాస్త ముదురుగా కనబడవచ్చు, అందుకని ముందు రెండిటినీ గోడ మీద అడుగు మేర పూయించి, పగలొకసారి, రాత్రి ట్యూబులైటు కింద ఒకసారి చూడండి. కాంట్రాక్టరు "రెండు రకాలైతే రేటు మారుద్దన్నా" అంటాడు. మారనివ్వండి. శ్లాబు అడుగుకూ, పడక గదుల పై గోడలకూ మెరుపు తీసేసినప్పుడు రంగు ఖర్చులో ఎంత తగ్గిందో అదే కాగితం మీద పక్కన రాయించుకుని, తర్వాత బేరం మొదలుపెట్టండి.